తామరకు మూలికా జెల్: ల్యాబ్ ప్లేటులో చచ్చే ఫంగస్ చర్మంలో ఎందుకు మిగులుతోంది?

క్లుప్తంగా: ఫంగస్‌ను చంపగల మొక్కలకు కొదవ లేదు. వాటిలోని పదార్థాన్ని చెడిపోకుండా, ప్రతి ట్యూబులోనూ ఒకే మోతాదులో, చర్మం పైపొర వరకు చేర్చడం దగ్గరే పని ఆగిపోతోంది. పైగా దురద తగ్గడం ఒకటి, ఫంగస్ పోవడం మరొకటి. మూలికా జెల్‌ల గురించి వచ్చే వార్తల్లో ఈ తేడా చాలాసార్లు కనబడదు.

వేపాకు జెల్, పసుపు జెల్, వెల్లుల్లి జెల్ అంటూ ఏదో ఒక ల్యాబ్ నుంచి తరచూ ఒక పరిశోధన పత్రం వెలువడుతుంది. "ఫంగస్‌పై అద్భుతంగా పనిచేసింది" అని అందులో ఉంటుంది. ఆ జెల్ మళ్లీ ఎక్కడా కనిపించదు. డాక్టర్లు రాసేది మాత్రం టెర్బినాఫిన్, క్లోట్రిమజోల్, లులికొనజోల్ లాంటి మందులే. మధ్యలో ఏం జరుగుతోంది? మొక్కల్లో సత్తా లేదా, తయారీలో లోపమా, లేక పరీక్షల్లోనే తేడా ఉందా? మూడింటిలోనూ కొంత నిజముంది. కాకపోతే వాటా సమానం కాదు.

ఇప్పుడే ఈ ఆసక్తి ఎందుకు

పాత మందులు మొండికేస్తున్నాయి, అదీ కారణం. ట్రైకోఫైటన్ ఇండోటినియే అనే ఫంగస్‌కు 2020లో జపాన్ పరిశోధకులు ఆ పేరు పెట్టారు. 2023 మేలో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ తమ దేశంలో బయటపడ్డ తొలి కేసుల గురించి రాసింది. ఈ రకం తామర ఒళ్లంతా పాకుతుంది, టెర్బినాఫిన్‌కు సరిగా లొంగదు. ఆ మందు ఫంగస్‌లోని స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ అనే ఎంజైమును అడ్డుకుని పనిచేస్తుంది. ఆ ఎంజైమును తయారుచేసే జన్యువులో కొన్ని చోట్ల ఒక్క అక్షరం మారినా మందు అతుక్కునే చోటు చెదిరిపోతుంది.

దీనికి తోడు స్టిరాయిడ్ కలిపిన క్రీములు. క్లోబెటసాల్ లాంటి బలమైన స్టిరాయిడ్ రాస్తే రెండు రోజుల్లో ఎరుపు, దురద చల్లారతాయి. కానీ అక్కడి రోగనిరోధక శక్తి కూడా చల్లారుతుంది, ఫంగస్ నిమ్మళంగా పెరుగుతుంది. అంచుల గుండ్రటి ఆకారం చెదిరిపోయి, చూసిన డాక్టరు కూడా గుర్తుపట్టలేని స్థితి వస్తుంది. కొత్త దారి కోసం వెతుకులాట మొదలైంది ఇక్కడే. ఒకే ఎంజైము మీద కాకుండా ఫంగస్ కణం మీద నాలుగు వైపుల నుంచీ దాడి చేసే పదార్థం దొరికితే, దానికి నిరోధకత తెచ్చుకోవడం కష్టమవుతుందన్న ఆశ మొక్కల వైపు నడిపించింది. ఆశలో తర్కం ఉంది. రోగుల మీద రుజువు మాత్రం ఇంకా రాలేదు.

ఫంగస్ ఉండే చోటు

తామర కలిగించే డెర్మటోఫైట్లకు ఆహారం కెరాటిన్. చర్మం పైపొరలో, వెంట్రుకలో, గోరులో ఉండే గట్టి ప్రోటీన్ ఇది. అంటే ఈ ఫంగస్ కాపురం ప్రధానంగా చచ్చిన కణాల పొరలో. శరీరంలో చాలాచోట్ల ఆ పొర మందం 10 నుంచి 20 మైక్రోమీటర్లే, వెంట్రుక మందం కంటే తక్కువ. అరికాలు, అరచేతుల్లో మాత్రం చాలా రెట్లు ఎక్కువ.

వినడానికి ఇది తేలిక లక్ష్యంలా ఉంటుంది. పైనే ఉన్న శత్రువు, పైనుంచి రాసే మందు. అయితే బయటి వస్తువులను లోపలికి రానీయకుండా ఆపడమే ఆ పొర పని. చదునైన కణాలు ఇటుకల్లా, వాటి మధ్య కొవ్వు సున్నంలా పేర్చి ఉంటుంది. నీటిలో మాత్రమే కరిగే పదార్థం ఆ కొవ్వును దాటలేదు. పూర్తిగా నూనె స్వభావమున్నది కొవ్వులోనే చిక్కుకుంటుంది. అణువు బరువు 500 డాల్టన్లు దాటితే మామూలు చర్మంలోంచి దూరడం కష్టమని 2000లో ప్రచురితమైన ఒక వ్యాసం చెప్పింది. అప్పటి నుంచి చర్మపు మందుల తయారీలో ఆ సంఖ్య ఒక కొలబద్ద అయింది. మొక్కల్లోని టానిన్లు, సపోనిన్లు, చక్కెర అతుక్కున్న గ్లైకోసైడ్లు చాలావరకు ఈ గీతకు అవతలే ఉంటాయి. వాము, లవంగం, టీ ట్రీ (ఒక ఆస్ట్రేలియా చెట్టు) నూనెల్లోని చిన్న అణువులు ఇవతల ఉంటాయి.

పేర్ల గందరగోళం కూడా ఉంది. వాడుకలో ఎగ్జిమానూ తామర అంటారు, అది ఫంగస్ కాదు. ఛాతీ మీద, వీపు మీద తెల్లగానో గోధుమరంగులోనో వచ్చే శోభి మచ్చలకు కారణం మలసీజియా, అది చర్మంలోని కొవ్వు తిని బతికే ఈస్ట్. ఒరుసుకునే మడతల్లో ఎర్రగా చెమర్చేది చాలాసార్లు కాండిడా అనే మరో ఈస్ట్. "ఫంగస్‌పై పనిచేస్తుంది" అని ఒక జెల్ గురించి రాస్తే, ఏ ఫంగస్ అన్నది మొదటి ప్రశ్న కావాలి.

మొక్కకు ఈ విద్య ఎందుకు తెలుసు

మొక్కలకు వచ్చే తెగుళ్లలో ఎక్కువ భాగం ఫంగస్ వల్లే. పారిపోలేని, రక్తంలో సైనికుల్లాంటి కణాలు లేని జీవి రసాయనాల మీదే ఆధారపడుతుంది. అందుకే ఏ ఆకు పిండినా ఎంతో కొంత ఫంగస్ వ్యతిరేక గుణం కనిపిస్తుంది. కనిపించడమనేది అంత పెద్ద వార్త కాదు.

వాములోని థైమాల్, లవంగంలోని యూజినాల్ ఫంగస్ కణం పొరలో దూరి దానికి చిల్లులు పెడతాయి. మెట్టతామర, సీమ అవిసె అని పిలిచే సెన్నా అలాటా ఆకుల్లో రీన్, ఎమోడిన్ వంటి ఆంత్రాక్వినోన్లు ఉంటాయి. ఇంగ్లిషులో దాని పేరే తామర పొద. గోరింటాకులోని లాసోన్ ఇంకా ఆసక్తికరం. అరచేతిని ఎర్రగా పండించేది ఈ అణువే, అది కెరాటిన్‌కు రసాయనికంగా అతుక్కుంటుంది కాబట్టే రంగు అన్ని రోజులు నిలుస్తుంది. ఫంగస్ తినే ప్రోటీనుకే అతుక్కునే ఫంగస్ వ్యతిరేక పదార్థమంటే కాగితం మీద గొప్ప ఆలోచన. కానీ అతుక్కుపోయిన అణువు కదలకపోతే ఫంగస్ మీదికి వెళ్లేదెలా? పండిన రంగును చూసి మందు పనిచేస్తోందని చెప్పడానికి లేదు.

అసలు ఇబ్బంది మరోచోట ఉంది. బాక్టీరియాతో పోలిస్తే ఫంగస్ కణం మనిషి కణానికి చాలా దగ్గరి పోలిక. పొరలో మనకు కొలెస్టరాల్ ఉంటే దానికి ఎర్గోస్టెరాల్ ఉంటుంది. క్లోట్రిమజోల్ లాంటి అజోల్ మందులు, టెర్బినాఫిన్ ఆ ఎర్గోస్టెరాల్ తయారీని గురిచూసి ఆపుతాయి, అందుకే చర్మానికి పెద్దగా హాని ఉండదు. సుగంధ తైలాలకు అంత గురి లేదు. ఏ పొర ఎదురైనా చీలుస్తాయి, మోతాదు పెంచితే చర్మ కణాలనూ వదలవు. పచ్చి వెల్లుల్లి నూరి కట్టిన చోట చర్మం కాలి బొబ్బలెక్కిన కేసులు వైద్య పత్రికల్లో కొత్తేమీ కాదు.

మొక్క నుంచి మందు వచ్చిన దారి ఒకటి మాత్రం సాఫీగా సాగింది. ఆముదాన్ని అధిక వేడిలో విడగొడితే అండిసైలెనిక్ ఆమ్లం వస్తుంది. పాదాల తామరకు దాన్ని 10 నుంచి 25 శాతం వరకు వాడి, ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మడానికి అమెరికాలో అనుమతి ఉంది. అయితే అక్కడ మిగిలింది మొక్క కాదు, దాని నుంచి తీసిన ఒకే ఒక అణువు.

ప్లేటులో వలయం ఎంత చెబుతుంది

మూలికా జెల్ పత్రాల్లో ఎక్కువగా కనిపించే పరీక్ష ఇది. అగార్ అనే జెల్లీ పోసిన ప్లేటులో ఫంగస్ పెంచి, మధ్యలో గుంట చేసి జెల్ వేస్తారు. చుట్టూ ఫంగస్ పెరగని వలయం ఏర్పడితే దాని వ్యాసాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. 18 మిల్లీమీటర్లు వచ్చినది 12 వచ్చినదాని కంటే బలమైనదని రాస్తారు.

ఇక్కడే మొదటి పొరపాటు. అగార్ అంటే ముప్పాతిక భాగం కాదు, దాదాపు అంతా నీరే. నీటిలో బాగా కరిగే పదార్థం దూరం వెళ్తుంది, నూనె స్వభావమున్నది గుంటలోనే ఉండిపోతుంది. వలయం వెడల్పులో చంపే శక్తి ఎంత, పాకే శక్తి ఎంత అన్నది విడదీయలేం. చర్మంలో జరిగేది దీనికి తలకిందులు: అక్కడ కొవ్వులో కరిగేదే ముందుకు వెళ్తుంది. ప్లేటులో గెలిచినది చర్మంలో ఓడిపోవడంలో వింత లేదు. సారం కరిగించడానికి వాడిన ఆల్కహాలో, డీఎంఎస్‌ఓ అనే ద్రావకమో విడిగా పరీక్షించకపోతే, వలయం ఎవరిదో కూడా చెప్పలేం.

ద్రవంలో కనీస నిరోధక మోతాదు, అంటే ఎంఐసీ కొలవడం ఇంతకంటే నమ్మదగిన పద్ధతి. అప్పుడు తేడా కళ్లకు కడుతుంది. లొంగే ఫంగస్‌ను ఆపడానికి టెర్బినాఫిన్ మిల్లీలీటరుకు 0.1 మైక్రోగ్రాము కూడా అక్కర్లేదు. ముడి మొక్క సారాలకు తరచూ వందలు, కొన్నిసార్లు వేల మైక్రోగ్రాములు కావాలి. సారంలో పనిచేసే అణువు కొద్దిపాటిదే కాబట్టి ఈ పోలిక కాస్త అన్యాయమే. అయినా జెల్‌లో పట్టే మొత్తానికి హద్దు ఉంటుంది, ఆ హద్దులోనే కథ నడవాలి.

ఇంకొకటి. పరీక్షకు చాలామంది ఎంచుకునేది కాండిడా ఆల్బికన్స్. ఒకటి రెండు రోజుల్లో పెరుగుతుంది, పని తొందరగా తెములుతుంది. డెర్మటోఫైట్లకు ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. దాంతో కాండిడా మీద చేసిన పరీక్షతో తామర జెల్ అని శీర్షిక పెట్టిన పత్రాలు వస్తున్నాయి.

జెల్‌లో కలపడం కలిపినంత తేలిక కాదు

కలబంద గుజ్జునూ జెల్ అంటారు కాబట్టి ముందే ఒక మాట: ఇక్కడ చెప్పేది ఔషధ జెల్ గురించి, అంటే ద్రవాన్ని తన వలలో పట్టి ఉంచే పాలిమర్ గురించి. ఎక్కువగా వాడేది కార్బోమర్. అర శాతం నుంచి 2 శాతం వరకు పొడిని నీటిలో కలిపితే పల్చగా, పుల్లటి ద్రవంగా ఉంటుంది. ట్రైఇథనాలమైన్ చుక్కలు వేయగానే పాలిమర్ గొలుసుల మీది ఆమ్ల సమూహాలకు రుణావేశం వస్తుంది. ఒకే ఆవేశమున్నవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, ముడుచుకున్న గొలుసులు విచ్చుకుంటాయి, నీరు వాటి మధ్య చిక్కి చూస్తుండగానే గట్టిపడుతుంది.

ఇప్పుడు అందులో ఆకు సారం కలిపితే? సారంతో పాటు పొటాషియం, కాల్షియం లవణాలూ, ఆమ్లాలూ వస్తాయి. ధనావేశమున్న ఆ అయాన్లు గొలుసుల ఆవేశాన్ని కప్పేస్తాయి. నెట్టుకోవడం ఆగుతుంది, గొలుసులు మళ్లీ ముడుచుకుంటాయి, జెల్ నీరుకారుతుంది. నిన్న చక్కగా ఉన్న జెల్ ఇవాళ ట్యూబులోంచి కారిపోవడం వెనక ఉన్నది ఇదే. అందుకే కొందరు ఆవేశం లేని మరో పాలిమర్ హెచ్‌పీఎంసీ వైపు వెళ్తారు. అది లవణాలను చాలావరకు తట్టుకుంటుంది, కానీ కార్బోమర్ ఇచ్చే నిగారింపు, చల్లదనం అంతగా రావు.

పసుపుతో ఇంకో తంటా. కర్క్యుమిన్ నీటిలో కరగదు, వెలుతురు తగిలితే విరిగిపోతుంది, క్షారత పెరిగితే ఇంకా తొందరగా. జెల్ గట్టిపడాలని పీహెచ్ పెంచేకొద్దీ మందు తరుగుతుంది. సుగంధ తైలాలైతే గాలిలోకి ఎగిరిపోతాయి. చర్మం మీద పల్చటి పొరగా రాసినప్పుడు తైలంలో కొంత లోపలికి, కొంత గాలిలోకి వెళ్తుంది. గుప్పుమనే ఆ వాసనంతా చర్మానికి దక్కని మందే.

వీటికి విరుగుడుగా ఎమల్‌జెల్, నానో ఎమల్షన్, ఇథోజోమ్ వంటివి వచ్చాయి. నూనెను సన్నటి బిందువులుగా విడగొట్టి జెల్‌లో నిలపడం, ఆల్కహాల్ కలిసిన మెత్తటి కొవ్వు సంచుల్లో మందును నింపి చర్మపు కొవ్వులోంచి జారేలా చేయడం వీటి పద్ధతి. ప్రయోగశాలలో ఫలితాలు బాగుంటాయి. కానీ వాటిని కొలిచే తీరులో ఒక తిరకాసు ఉంది. ఫ్రాంజ్ సెల్ అనే గాజు పరికరంలో చర్మపు ముక్కను పరిచి, దాన్ని దాటి కింది ద్రవంలోకి ఎంత మందు చేరిందో కొలుస్తారు. ఎక్కువ దాటితే విజయం అని రాస్తారు. నొప్పి మందుకు అది విజయమే కావచ్చు. తామర మందు మాత్రం దాటిపోకూడదు, పైపొరలోనే ఆగాలి. దాటినదంతా రక్తంలో కలిసేదే, ఫంగస్‌కు తగిలేది కాదు. టెర్బినాఫిన్‌కు అంత పేరు రావడానికి ఒక కారణం, రాయడం ఆపేశాక కూడా అది పైపొరలో రోజుల తరబడి నిలబడటం. మూలికా జెల్‌ల విషయంలో కొలవాల్సింది కూడా దీన్నే: టేపుతో పొరలు పొరలుగా లేపి, ఏ పొరలో ఎంత మందు మిగిలిందో చూడాలి. అలా చూసినవి తక్కువే.

దురద తగ్గింది, ఫంగస్ మిగిలింది

టీ ట్రీ నూనె మీద జరిగిన రెండు ట్రయల్స్ పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేలిపోతుంది. 1992లో ప్రచురితమైనదాంట్లో పాదాల తామర ఉన్న 104 మందిని మూడు గుంపులు చేశారు. కొందరికి 10 శాతం టీ ట్రీ క్రీము, కొందరికి టోల్నాఫ్టేట్ అనే మందు, మిగిలినవారికి మందు లేని ఉత్త క్రీము ఇచ్చారు. దురద, మంట, పొలుసులు తగ్గడంలో టీ ట్రీ క్రీము టోల్నాఫ్టేట్‌కు తీసిపోలేదు. కల్చర్‌లో, అంటే చర్మపు పొలుసును ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో, ఫంగస్ లేదని తేలినవారు మాత్రం టోల్నాఫ్టేట్ గుంపులో 85 శాతం, టీ ట్రీ గుంపులో 30 శాతం, ఉత్త క్రీము గుంపులో 21 శాతం.

2002 నాటి ట్రయల్‌లో 158 మంది ఉన్నారు. 25, 50 శాతం టీ ట్రీ ద్రావణాలను నాలుగు వారాలు వాడారు. 50 శాతం గుంపులో 64 శాతం మందిలో ఫంగస్ పోయింది, మందు లేని గుంపులో 31 శాతం మందిలో పోయింది. మోతాదు పెరిగితే పని జరుగుతుందని దీనివల్ల తెలిసింది. నూనె రాసినవారిలో నలుగురికి చర్మం తీవ్రంగానే రేగింది. అంత గాఢతను జెల్‌లో పట్టించడం ఒక సమస్య, చర్మం భరించడం ఇంకో సమస్య.

మందు లేకుండానే ఇంతమందిలో ఫంగస్ ఎలా పోయింది? రోజూ కడిగి, ఆరబెట్టి, ఏదో ఒకటి శ్రద్ధగా రాయడమే కొంత పనిచేస్తుంది. చెమ్మ తగ్గితే ఫంగస్ బలహీనపడుతుంది. జెల్‌లోని నీరు ఆవిరవుతూ ఇచ్చే చల్లదనం దురదను అక్కడికక్కడే అణుస్తుంది. అందుకే పోల్చడానికి ఉత్త జెల్ గుంపు లేని ట్రయల్‌ను నమ్మడం కష్టం. వెల్లుల్లి నుంచి తీసిన అజోయిన్‌తో 1996లో వెలువడిన అధ్యయనం దీనికి ఉదాహరణ. 0.4 శాతం క్రీముతో 34 మందిలో 27 మందికి ఏడు రోజుల్లో నయమైందని వచ్చింది. ఆశ కలిగించే ఫలితమే, కానీ పోల్చడానికి రెండో గుంపు లేదు.

అదే జెల్ మళ్లీ తయారవుతుందా

థైమ్ అనే మొక్క ఒకటే జాతి. కొన్ని చోట్ల పెరిగిన దాంట్లో థైమాల్ ఎక్కువ, మరికొన్ని చోట్ల లినలూల్ అనే వేరే అణువు ఎక్కువ. చూడటానికి తేడా ఉండదు, ఫంగస్‌కు మాత్రం బాగా తెలుస్తుంది. కోసిన కాలం, ఆరబెట్టిన తీరు, నీటిలో తీశారా ఆల్కహాల్‌లో తీశారా అన్నదాన్ని బట్టి సారం మారిపోతుంది. "5 శాతం వేప సారం" అని లేబుల్ మీద రాస్తే దానికి అర్థం దాదాపు లేనట్టే. ఏ అణువు ఎంత ఉందో హెచ్‌పీఎల్‌సీ లాంటి పద్ధతితో కొలిచి, దాన్ని గుర్తుగా పెట్టుకుంటేనే రెండో బ్యాచ్ మొదటిదానిలా ఉంటుంది. టీ ట్రీ నూనెకు టెర్పినెన్-4-ఓల్ అనే ముఖ్యమైన అణువు కనీసం ఇంత ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఆ నూనె మీద పద్ధతైన ట్రయల్స్ జరగగలిగాయంటే ఇలాంటి ప్రమాణం ఉండటమూ ఒక కారణం. తక్కిన మొక్కల్లో చాలావాటికి అలాంటిది లేదు.

నిల్వ సంగతి కూడా ఇందులో భాగమే. 40 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమలో ఆరు నెలలు ఉంచి మందు ఎంత మిగిలిందో చూడటం ఔషధ కంపెనీలకు మామూలు పని. మూలికా జెల్ పత్రాల్లో రంగు, వాసన, పీహెచ్ చూసి "స్థిరంగా ఉంది" అని ముగించేస్తుంటారు. టీ ట్రీ నూనెకు గాలి, వెలుతురు తగిలితే ఆక్సీకరణం చెంది ఎలర్జీ కలిగించే పదార్థాలు పుడతాయి. వాసన మాత్రం అలాగే ఉండొచ్చు.

కల్తీ మరో కోణం. 1999లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనంలో చర్మానికి రాసే 11 చైనా మూలికా క్రీములను పరీక్షిస్తే 8 క్రీముల్లో డెక్సామెథసోన్ అనే స్టిరాయిడ్ బయటపడింది. లేబుల్ మీద దాని ఊసే లేదు. తామర మీద అలాంటి క్రీము రాస్తే ఏమవుతుందో పైన చూశాం. రెండు రోజుల్లో అద్భుతంగా తగ్గించే మూలికా మందు మీదే ఎక్కువ అనుమానం రావాలి.

ఎటు వెళ్లొచ్చు

మొక్క సారంతో చేసిన పైపూత మందుకు పూర్తి స్థాయి అనుమతి రావడం అసాధ్యమేమీ కాదు. గ్రీన్ టీ ఆకుల సారంతో చేసిన ఆయింట్‌మెంట్‌కు 2006లో జననాంగాల పులిపిర్లకు, బర్చ్ చెట్టు బెరడు సారంతో చేసిన జెల్‌కు 2023లో ఎపిడెర్మోలిసిస్ బుల్లోసా అనే జన్యు వ్యాధి పుండ్లకు అమెరికా అనుమతి దొరికింది. రెండో దాంట్లో ఒక తమాషా ఉంది. సారంతో పాటు ఉన్నది పొద్దుతిరుగుడు నూనె మాత్రమే, నూనెను జెల్‌గా గట్టిపరిచేది ఆ బెరడు సారమే. మందుకూ జెల్‌కూ గొడవే లేదు. అయితే ఈ రెండూ ఫంగస్ మందులు కావు.

ఫంగస్ విషయంలో దగ్గరి దారి బహుశా జంటగా వాడటం. తైలాలు కణం పొరను వదులు చేస్తే అజోల్ మందు తక్కువ మోతాదులోనే పనిచేస్తుందని ల్యాబ్ ఫలితాలు చెబుతున్నాయి. అలాగైతే తైలం గాఢత చర్మం భరించే హద్దులో ఉంటుంది. గోళ్లకు, తలలోని తామరకు మాత్రం ఏ జెల్ మీదా పెద్దగా ఆశ పెట్టుకోలేం. అక్కడ ఫంగస్ గోరు కిందో వెంట్రుక కుదుట్లోనో దాక్కుంటుంది, తల తామరకు నోటి మందు తప్పదు.

మూలికా జెల్ నిజంగా పనిచేస్తుందో లేదో తేలాలంటే, టెర్బినాఫిన్‌కు లొంగని ట్రైకోఫైటన్ ఉన్న రోగుల్లో ఒక గుంపుకు మూలికా జెల్, ఒక గుంపుకు ఉత్త జెల్, ఒక గుంపుకు ఇప్పటి మందు ఇవ్వాలి. ఎవరు ఏది రాసుకుంటున్నారో రోగికీ డాక్టరుకీ తెలియకూడదు. తైలం వాసన ఉన్నచోట ఇది చెప్పినంత సులువు కాదు, ఉత్త జెల్‌కూ అలాంటి వాసనే కలపాల్సి వస్తుంది. మందు ఆపిన నాలుగు వారాల తర్వాత చర్మాన్ని గీకి, మైక్రోస్కోపులో ఫంగస్ కోసం చూసే కేఓహెచ్ పరీక్ష, కల్చర్ చేయాలి. పైపొర పూర్తిగా రాలి కొత్తది రావడానికి వారాలు పడుతుంది కాబట్టి అంతకు ముందు చూసిన ఫలితం తొందరపాటే అవుతుంది.